సముద్రపు పద్దులో నిల్వ ఎంత?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్లు వేటకు పోకూడదు. ఆ రెండు నెలలూ హోసూరు, కృష్ణగిరి చేపల అంగళ్ళలో వంజరం ధర అడగాలంటేనే జంకు. నిషేధం ముగిసి బోట్లు కదిలాయో లేదో, పాత తగాదా కూడా మళ్ళీ మొదలవుతుంది. తమిళనాడు పెద్ద బోట్లు వచ్చి మా చేపలన్నీ ఊడ్చుకుపోతున్నాయని నెల్లూరు తీరపు మత్స్యకారులు అంటారు. చేప ఎటు పోతే వేట అటే కదా అని ఇటువైపు జాలర్లు అంటారు. బోట్లను పట్టుకోవడం, విడిపించుకోవడం, రెండు వైపులా ధర్నాలు. టీవీ ఛానెళ్ళు దీన్ని రెండు ముక్కల్లో తేల్చేస్తాయి: తెలుగువాళ్ళు, తమిళవాళ్ళు.

తమిళనాడులో ఉంటూ ఇంట్లో తెలుగు మాట్లాడే మనబోటివాళ్ళకు ఆ రెండు ముక్కలు వినగానే ఒళ్ళు జలదరిస్తుంది. నీళ్ళ తగాదా అయినా, ఎర్రచందనం గొడవ అయినా, చేపల పంచాయితీ అయినా, చివరికి టీకొట్టు దగ్గర మనల్నే "మీవాళ్ళు ఇలా చేశారేమిటి?" అని అడుగుతారు. కాబట్టి ఈ చేపల సంగతి అసలు ఎక్కడిది, ఎంతవరకు నిజం అన్నది మనం తెలుసుకోవాలి. సముద్రం మనకు దూరమే. అయినా హోసూరు పక్కన కెలవరపల్లి ఆనకట్టలో ఆగి, కృష్ణగిరి డ్యాం దాటి పోయే దక్షిణ పినాకిని కలిసేది ఆ కడలూరు దగ్గరి సముద్రంలోనే.

సముద్రంలో చేపలు నిజంగా తగ్గిపోతున్నాయా? తగ్గితే ఎవరి వల్ల? ఈ రెండూ వేరువేరు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు శాస్త్రం చెప్పాలి, రెండోదానికి చట్టం చెప్పాలి. రెండింటినీ కలిపేయడం వల్లే తగాదా ముదురుతోంది.

లెక్క కట్టేది ఎవరు?

మన దేశంలో ఈ పని ప్రధానంగా కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థది. అందరూ సీఎంఎఫ్ఆర్ఐ అంటారు. 1947లో మొదలైంది, ఇప్పుడు కేంద్ర కార్యాలయం కొచ్చిలో ఉంది. విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రం ఉంది. దాని సిబ్బంది తీరమంతటా చేపల రేవుల్లో కొన్నిటిని ఎంచుకుని, కొన్ని రోజులను ఎంచుకుని, దిగిన చేపను రకాలవారీగా తూచి, కొలిచి, దాన్నిబట్టి మొత్తం అంచనా కడతారు. ప్రతి బోటునూ ప్రతి రోజూ లెక్కించడం ఎవరి తరమూ కాదు. నూరు మూటల ధాన్యంలో నాలుగింటికి బొడితె గుచ్చి నాణ్యం చూసినట్టే ఇదీ.

ఆ లెక్కల ప్రకారం 2023లో దేశం మొత్తం మీద రేవులకు చేరిన సముద్రపు చేప 35.3 లక్షల టన్నులు. 2024లో 34.7 లక్షల టన్నులు. ఆ ఏడాది అన్నిటికంటే ఎక్కువగా దిగిన చేప కానగుర్త, 2.63 లక్షల టన్నులు. తమిళులు దీన్నే అయిలై అంటారు. దీని శాస్త్రీయ నామంలో 'కానగుర్త' అన్న మన తెలుగు మాటే ఉంది. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు విశాఖపట్నంలో జాలర్ల దగ్గర చేపలు సేకరించి, వాళ్ళు చెప్పిన పేర్లనే రాసుకుని 1803లో లండన్‌లో పుస్తకం వేయించాడు. అందులోంచి ఆ పేరు ప్రపంచ శాస్త్రంలోకి పోయింది. లోకమంతా ఆ చేపను తెలుగు పేరుతో పిలుస్తోంది. ఆ పేరు చెప్పిన జాలర్ల వారసులకు మాత్రం నేటి లెక్కలు తెలుగులో అందడం అరుదు.

దిగుబడి ఒక్కటే చూస్తే మోసపోతాం

ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగా పద్దులు రాసినవాణ్ణి గనుక నాకు తెలిసిన భాషలోనే చెబుతాను. జమాఖర్చుల పుస్తకంలో ఈ నెల ఎంత డ్రా చేశాం అన్న అంకె చూసి, ఖాతాలో నిల్వ ఎంత ఉందో చెప్పలేం. చేపల దిగుబడి కూడా 'డ్రా చేసిన' మొత్తమే. నిల్వ నీళ్ళ అడుగున ఉంది, కంటికి కనబడదు.

ఊరికే లెక్క కోసం ఒక ఊరు అనుకుందాం. 50 పడవలు, ఒక్కొక్కటి రోజుకు 200 కిలోలు, మొత్తం 10 టన్నులు. పదేళ్ళ తర్వాత 100 పడవలు, ఒక్కొక్కటి 100 కిలోలు, మొత్తం మళ్ళీ 10 టన్నులే. కాగితం మీద దిగుబడి తగ్గలేదు. కానీ పడవకు దక్కింది సగమైంది. అదే పడవ ఇప్పుడు రెట్టింపు గంటలు సముద్రంలో ఉండి ఆ 100 కిలోలు తెస్తోందంటే, గంటకు దక్కేది పావు వంతే. అందుకే శాస్త్రవేత్తలు ఎంత చేప దిగిందని మాత్రమే అడగరు, ఎంత వేటకు ఎంత చేప దిగిందని అడుగుతారు. బోట్ల సంఖ్య, ఇంజన్ శక్తి, వల పొడవు, వేట గంటలు అన్నీ ఆ లెక్కలోకి రావాలి. ఎకో సౌండరు, జీపీఎస్ వచ్చాక పాత గంటా కొత్త గంటా ఒకటి కావు. ఈ సవరణ సరిగ్గా చేయకపోతే లెక్క తప్పుతుంది.

రెండో ఆనవాలు చేప సైజు. పెద్ద చేపలు తగ్గి, వలలో పడేవన్నీ చిన్నవే అవుతున్నాయంటే ప్రమాదం ముంగిట్లో ఉన్నట్టే. ఒక్కసారి కూడా గుడ్డు పెట్టకముందే పట్టిన చేప విత్తనాల గింజలు వండుకు తిన్నట్టు. కేరళ ఈ విషయంలో ముందడుగు వేసింది. 2015లో 14 రకాలకు, తర్వాత 58 రకాలకు కనీస సైజు పెట్టింది. మత్తి చేప 10 సెంటీమీటర్లకు, అయిలై 14 సెంటీమీటర్లకు తక్కువ ఉంటే పట్టకూడదు.

రెండు ప్రశ్నలు, నాలుగు గదులు

ఒక చేప రకం పరిస్థితి తేల్చడానికి శాస్త్రవేత్తలు చివరికి రెండు ప్రశ్నలు వేస్తారు. ఒకటి: నిల్వ ఉండవలసినంత ఉందా? రెండు: వాడకం ఉండవలసినదానికంటే ఎక్కువగా ఉందా? ఇవి రెండూ ఒకటే అనిపిస్తాయి గాని కావు. నిల్వ తక్కువున్నా ఇప్పుడు వాడకం తగ్గించిన ఖాతా కోలుకుంటుంది. నిల్వ బాగా ఉన్నా వాడకం మితిమీరిన ఖాతా నేడో రేపో ఖాళీ అవుతుంది. రెండూ బాగుంటే ఆరోగ్యం. రెండూ చెడితే దివాలా దారి. ఈ నాలుగు గదుల్లో ఏ చేప ఏ గదిలో ఉందో చెప్పడమే నిల్వల అంచనా.

'ఉండవలసినంత' అంటే ఎంత? ఇక్కడ బ్యాంకు డిపాజిట్టుకూ చేపకూ ఒక తేడా ఉంది. డిపాజిట్టు ఎంత పెద్దదైతే వడ్డీ అంత ఎక్కువ. చేపలు అలా కాదు. అసలు వేటే లేని సముద్రంలో చేపలు కిటకిటలాడుతూ మేతకు పోటీపడతాయి, కొత్తగా పెరిగేది తక్కువ. కొంత పట్టినప్పుడు మిగిలినవి బాగా పెరుగుతాయి. ఒక పాత సూత్రం ప్రకారం, నిల్వ మొదటిదానిలో దాదాపు సగానికి వచ్చినప్పుడు వడ్డీ గరిష్ఠం. ఆ వడ్డీ వరకే తింటూ పోతే ఏ ఏటికా ఏడు అంతే దక్కుతుంది. దాటితే అసలు కరగడం మొదలు. కాబట్టి చేపలు మునుపటికంటే తగ్గాయన్నంత మాత్రాన అతివేట జరిగిందని చెప్పలేం. ఎంతవరకు తగ్గాయన్నదే ప్రశ్న.

సీఎంఎఫ్ఆర్ఐ 2022 సంవత్సరానికి ఇలా 135 నిల్వలను పరీక్షించి, 91.1 శాతం ఆరోగ్యంగా ఉన్నాయని ప్రకటించింది. అంటే 135లో 123 బాగున్నాయి, 12 బాగాలేవు. సముద్రం ఖాళీ అయిపోయిందని గగ్గోలు పెట్టేవాళ్ళు ఈ అంకెను పక్కన పెట్టలేరు.

అలాగని ఈ అంకె చూపించి నెల్లూరు మత్స్యకారుడి నోరు మూయించడమూ న్యాయం కాదు. ఇది రకాల లెక్క, బరువు లెక్క కాదు. చిన్న నిల్వకూ పెద్ద నిల్వకూ ఒకే ఓటు. పైగా ఒక నిల్వ అంటే విశాలమైన ప్రాంతపు సగటు. జిల్లా మొత్తం మీద సగటు వర్షం కురిసిన ఏడాదిలోనే ఒక ఊళ్ళో చెరువు ఎండిపోవచ్చు. తీరం దగ్గర చిన్న పడవ తిరిగే కొద్ది మైళ్ళ నీళ్ళలో చేప లేకపోతే, ఆ కుటుంబానికి సగటు అన్నం పెట్టదు.

ప్రకృతి వాటా

అంచనా ఎంత కష్టమో మత్తి చేప చెబుతుంది. మన కోస్తాలో కవళ్ళు అంటారు. కేరళలో 2012లో ఇది దాదాపు 4 లక్షల టన్నులు దిగింది. 2021లో కేవలం 3,300 టన్నుల చిల్లర. నూటికి ఒకటి కూడా మిగల్లేదు. ఇక అయిపోయిందనుకున్నారు. 2023లో మళ్ళీ 1.38 లక్షల టన్నులు దిగింది. వేట ఒక్కటే కారణమైతే రెండేళ్ళలో ఇంత తిరుగుబాటు రాదు. ఎల్‌నినో లాంటి మార్పులతో నీటి వేడి, మేత మారినప్పుడు ఈ చేప పడిపోతుంది, అనుకూలిస్తే లేస్తుంది. అయితే పడిపోయే ఏళ్ళలోనే పిల్ల చేపలను కూడా ఊడ్చేస్తే లేవడానికి విత్తనం మిగలదు. ప్రకృతి దెబ్బను మనం ఆపలేం. దాని మీద మన దెబ్బ కూడా పడకుండా చూసుకోగలం.

మన గోదావరి పులస కథ ఇంకో రకం. సముద్రంలో పెరిగే ఈ చేప వరద నీటికి ఎదురీది నదిలోకి వస్తుంది. యానాం, ధవళేశ్వరం దగ్గర దొరికే నాలుగు చేపలకు వేలల్లో వేలం. అక్కడ వలతో పాటు ఆనకట్ట, నీటి కాలుష్యం కూడా ముద్దాయిలే. బంగ్లాదేశ్ ఇదే జాతి చేపను కాపాడుకోవడానికి పిల్ల చేపల వేటను నెలల తరబడి ఆపింది. గుడ్లు పెట్టే అక్టోబరులో 22 రోజులు పూర్తిగా నిషేధించి, ఆ రోజుల్లో జాలరి కుటుంబాలకు బియ్యం ఇచ్చింది. 2002-03లో 2 లక్షల టన్నులున్న దిగుబడి 2019-20 నాటికి 5.5 లక్షల టన్నులకు చేరింది. తర్వాతి ఏళ్ళలో మళ్ళీ కొంత తగ్గింది. పట్టుదలగా చేస్తే ఫలితం ఉంటుందని, ఒకసారి చేసి వదిలేస్తే చాలదని రెండూ తెలుస్తున్నాయి.

చిన్న పడవ మాట వినని దేశం

కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్ తీరంలో కాడ్ చేప శతాబ్దాలుగా జనాన్ని పోషించింది. 1980లలో తీరం దగ్గర వేటాడే చిన్న జాలర్లు చేప తగ్గిందని, చిన్నదవుతోందని మొత్తుకున్నారు. పెద్ద ట్రాలర్లకు మాత్రం బాగానే పడుతోంది. కారణం ఏమిటంటే, చేప తగ్గినా మిగిలినవి కొన్ని చోట్ల గుంపుగా చేరతాయి. పెద్ద బోటు యంత్రాలతో ఆ గుంపునే వెతికి పట్టుకుంటుంది. ఆ బోట్ల లెక్కలను ఎక్కువగా నమ్మిన అధికారులు నిల్వ బాగుందనుకున్నారు. 1992 జులై 2న వేట పూర్తిగా నిషేధించక తప్పలేదు. సుమారు 30 వేల మంది ఉపాధి ఒక్కసారిగా పోయింది. వాణిజ్య వేటకు మళ్ళీ తలుపు తెరిచింది 2024లో, అదీ పరిమితంగా.

తీరం దగ్గరి మనిషి చెప్పేది ఫిర్యాదే కాదు, అది సమాచారం కూడా. మన లెక్కలు కట్టేవాళ్ళు నెల్లూరు చిన్న పడవల మాటనూ, కడలూరు చిన్న పడవల మాటనూ వేరుగా రాసుకోవాలి. పెద్ద బోట్ల దిగుబడిలో కలిపి సగటు తీస్తే న్యూఫౌండ్‌ల్యాండ్ కథే ఇక్కడా జరుగుతుంది.

ఇది భాషల తగాదా కాదు

ఇక రెండో ప్రశ్న, ఎవరి వల్ల? 2022 జనవరిలో విశాఖపట్నంలో రింగు వలల మీద పెద్ద గొడవ జరిగింది. పెదజాలారిపేట ఒకవైపు, వాసవానిపాలెం ఇంకోవైపు. బోట్లు కాలాయి. రెండు వైపులా తెలుగువాళ్ళే, ఒకే నగరం వాళ్ళే. తమిళనాడులో సురుక్కుమడి వల మీద కడలూరు, నాగపట్నం, మయిలాడుతురై తీరాల్లో జాలర్ల మధ్య ఏళ్ళ తరబడి కొట్లాట ఉంది. రెండు వైపులా తమిళులే. ఆ వలను తమిళనాడు 2000లో నిషేధించింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు 12 నాటికల్ మైళ్ళ అవతల, వారానికి రెండు రోజులు, పగటిపూట మాత్రం అనే షరతులతో మధ్యంతర అనుమతి ఇచ్చింది. అటు నెల్లూరు, పులికాటు తీరంలో పట్టపు కులస్థుల్లో ఇంట్లో తమిళం కలిసిన భాష మాట్లాడేవాళ్ళు ఉన్నారు. ఆంధ్రలో వాళ్ళు, తమిళనాట మనం, అద్దంలో బొమ్మల్లాంటివాళ్ళం. అక్కడ తెలుగు, తమిళం అని గీత ఎక్కడ గీస్తారు?

గీత ఉన్నది పెద్ద వలకూ చిన్న వలకూ మధ్య. రాజ్యాంగం ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ వరకు చేపల వేట రాష్ట్రాల చేతిలో ఉంది, ఆ అవతల కేంద్రానిది. తమిళనాడు 1983లో, ఆంధ్రప్రదేశ్ 1994లో వేట నియంత్రణ చట్టాలు చేసుకున్నాయి. తీరం దగ్గరి నీళ్ళు చిన్న పడవలకే అని రెండూ చెబుతాయి. ఒక రాష్ట్రపు పెద్ద బోటు ఇంకో రాష్ట్రపు తీరం దగ్గర వల వేస్తే అది తప్పే, నిల్వ ఆరోగ్యంగా ఉన్నా తప్పే. అదే బోటు తన సొంత రాష్ట్రంలో తీరం దగ్గరికి వచ్చినా అంతే తప్పు. దానికి తెలుగు, తమిళం అడ్డం పెట్టనక్కర్లేదు.

నిల్వల లెక్కకు ఈ గీతలేవీ లేవు. కానగుర్తకు శూళ్ళూరుపేట దగ్గర రాష్ట్రం మారిందని తెలియదు. అందుకే ఒక రాష్ట్రం పొదుపు చేసి, పక్క రాష్ట్రం చేయకపోతే ఫలితం సున్నా. నిషేధ కాలపు భృతి చూడండి. ఆంధ్రప్రదేశ్ కుటుంబానికి 10 వేలున్నది 2025లో 20 వేలు చేసింది. తమిళనాడు 8 వేలు ఇస్తోంది, వేట తక్కువగా ఉండే కాలానికి వేరే సాయం ఉంది. సముద్రం ఒకటే, ఆకలి ఒకటే, ఆగే రోజులు ఒకటే. సాయం మాత్రం రాష్ట్రానికొక తీరు.

తెలుగు మత్స్యకారుడు మైనారిటీగా బతికే చోట్లు కూడా తక్కువేం లేవు. ఒడిశాలో పూరీ పక్కన పెంటకోటలో తెలుగు జాలరి కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం యువకులు గుజరాత్‌లోని వెరావల్ వరకు పోయి బోట్లమీద కూలి చేస్తారు. 2018 నవంబరులో అలా పోయినవాళ్ళు పాకిస్తాన్‌కు చిక్కారు. వారిలో 20 మంది 2020 జనవరిలో గాని వాఘా దాటి రాలేదు. సొంత తీరంలో వేట గిట్టుబాటైతే అంత దూరం ఎవరు పోతారు? వాళ్ళు పనిచేసే చోట నియమాలు గుజరాతీలో, ఒడియాలో ఉంటాయి. బడిలో మన పిల్లలకు తెలుగు పుస్తకం కోసం అర్జీలు పెట్టిన మనకు ఆ ఇబ్బంది వేరే చెప్పాలా?

మొత్తం మీద నా అంచనా

సముద్రం ఖాళీ కాలేదు, అలాగని ధీమాగా కూర్చునే స్థితీ కాదు. మొత్తం నిల్వలు ఫరవాలేదని లెక్క చెబుతోంది. తీరం దగ్గర చిన్న పడవకు దక్కేది తగ్గిందన్న మాటను అబద్ధమనే ఆధారం ఆ లెక్కలో లేదు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. కావలసింది మూడు పనులు. ఒకటి, ఆంధ్ర, తమిళనాడు, పుదుచ్చేరి, ఒడిశా కలిసి తూర్పు తీరానికి ఉమ్మడి నిల్వల లెక్క కట్టి, చిన్న పడవల పట్టుబడిని వేరుగా చూపాలి. రెండు, కనీస సైజు నియమం తీరమంతటా ఒకేలా ఉండాలి, రేవులో అమలు కావాలి. మూడు, ఆ లెక్కా ఆ నియమమూ తెలుగు, తమిళం, ఒడియా మూడింట్లో ప్రతి రేవులోనూ గోడకు అంటించాలి. లెక్క కనబడని చోటే పుకారు పుడుతుంది.

కొండల మధ్య ఉన్న మన ఊళ్ళకు ఇందులో పాత్ర లేకపోలేదు. పిల్ల చేపలు మన అంగళ్ళకు రాకపోయినా, ఎండబెట్టి పొడి చేసి కోళ్ళ మేతలో, రొయ్యల మేతలో కలుపుతారు. తెలియకుండానే మన కోడిగుడ్డులో కూడా కొంత సముద్రం ఉంది. అంగట్లో బెత్తెడు కూడా లేని కానగుర్తలు కుప్పగా కనబడితే కొనకుండా, ఎందుకు తెచ్చావని ఒక్కమాట అడగండి. ఆ రెండు నెలలు వంజరమే కావాలని పట్టుబట్టకుండా కృష్ణగిరి డ్యాం చేపతో సరిపెట్టుకోండి. ఇక టీకొట్టు దగ్గర ఎవరైనా "మీవాళ్ళు" అని మొదలుపెడితే కోపం తెచ్చుకోకండి. వల ఎంత పెద్దది, తీరానికి ఎంత దూరంలో వేశారు, చేప ఎన్ని సెంటీమీటర్లు అని అడగండి. ఈ మూడు ప్రశ్నలను మనం తమిళంలో కూడా చక్కగా అడగగలం.